సంగీతం తొలి పరీక్ష: శాస్త్రభాగాన్ని పాడుతూ నేర్చుకొనే పద్ధతి

కర్ణాటక సంగీతంలో మొదటి పరీక్షకు కూర్చునే పిల్లలలో చాలామంది తొలి పాఠాలైన సరళీ స్వరాలనూ అలంకారాలనూ గీతాలనూ చక్కగా పాడతారు గాని, శాస్త్రం పేపరు దగ్గరికి వచ్చేసరికి నిర్వచనాలను బట్టీ పట్టి, ప్రశ్నలో ఒక్క మాట మారితే తడబడతారు. శాస్త్రంలో అడిగేదంతా దాదాపుగా వారు రోజూ పాడే పాఠంలోనే ఉంది. దానిని ముందు గొంతులోనూ చేతిలోనూ గుర్తుపట్టి, ఆ తరువాత పుస్తకం తెరవడం మంచిది.

స్వరస్థానాలతో మొదలుపెట్టండి. షడ్జమ పంచమాలకు భేదాలు లేవు కనుక అవి ప్రకృతి స్వరాలు. తక్కిన ఐదూ వికృతి స్వరాలు. స్థానాలు 12 అయితే పేర్లు 16 ఎలా వచ్చాయన్నది హార్మోనియం ముందు కూర్చుంటే ఐదు నిమిషాలలో తెలుస్తుంది. ఒక మెట్టును షడ్జంగా పెట్టుకొని, నలుపు తెలుపుల తేడా లేకుండా వరుసగా నొక్కుతూ వెళ్లండి. రెండవది శుద్ధ రిషభం. మూడవది చతుశ్శ్రుతి రిషభం, అదే శుద్ధ గాంధారం. నాలుగవది షట్శ్రుతి రిషభం, అదే సాధారణ గాంధారం. ఐదవది అంతర గాంధారం. ఆరు, ఏడు మెట్లు శుద్ధ, ప్రతి మధ్యమాలు, ఎనిమిదవది పంచమం. అక్కడి నుంచి ధైవత నిషాదాలలో ఇదే కథ మళ్లీ నడుస్తుంది, సాధారణ, అంతర అన్న మాటల చోట కైశికి, కాకలి అన్నవి వస్తాయి, అంతే. ఇప్పుడు 1, 2, 5, 6, 8, 9, 12 మెట్లను మాత్రమే నొక్కితే మీ సరళీ స్వరాల రాగం మాయామాళవగౌళ వినిపిస్తుంది.

రాగలక్షణానికి పిళ్లారి గీతాల రాగమైన మలహరిని తీసుకోండి. ఆరోహణలో స రి మ ప ద స, అవరోహణలో స ద ప మ గ రి స. పైకి వెళ్లేటప్పుడు గాంధారం తగలదు, నిషాదం అసలే లేదు. ఈ లెక్క గొంతుకు తెలిస్తే ఔడవ షాడవమన్న (ఎక్కేటప్పుడు ఐదు, దిగేటప్పుడు ఆరు స్వరాలన్న) మాటను ఎవరూ బట్టీ పట్టనక్కరలేదు.

మార్కులు ఎక్కువగా పోయేది తాళాల దగ్గర. తాళంలోని భాగాలైన లఘువు, ద్రుతం, అనుద్రుతాలను అంగాలంటారు. వీటిలో జాతిని బట్టి (చతురశ్రకు 4, ఖండకు 5, మిశ్రకు 7 అక్షరాలుగా) మారేది లఘువు ఒక్కటే. ద్రుతానికి ఎప్పుడూ 2 అక్షరాలు, అనుద్రుతానికి 1. చతురశ్ర లఘువుకు ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు లెక్కించాలి. ద్రుతానికి ఒక దెబ్బ, ఒక విసురు. మీరు పాడే అలంకారాలలో చతురశ్రజాతి మఠ్యానికీ మిశ్రజాతి ఝంపకూ 10 అక్షరాలే ఉన్నా, ఒకటి 4, 2, 4గానూ మరొకటి 7, 1, 2గానూ విడిపోతుంది. అలాగే చతురశ్రజాతి ధ్రువ, ఖండజాతి అట రెండూ 14 అక్షరాలవే అయినా అంగాలు వేరు. మొత్తం ఒకటే అయినచోట పొరబాటు సులభం కనుక, ఈ రెండు జంటలనూ చేత్తో వేస్తూ వారం రోజులు పక్కపక్కనే పాడమని నేను పట్టుబడతాను. ఆది తాళం చతురశ్రజాతి త్రిపుటే, 4, 2, 2.

మేళకర్త (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం) సంఖ్య అడిగితే, రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి తిరగవేసే కటపయాది సూత్రం అక్కరకు వస్తుంది. మాయామాళవగౌళలో మ ప వర్గంలో (ప, ఫ, బ, భ, మ) ఐదవది కనుక 5, య తన వర్గంలో (య, ర, ల...) మొదటిది కనుక 1. 51ని తిరగవేస్తే 15. ధీరశంకరాభరణంలో ట నుంచి లెక్కిస్తే ధకు 9, య నుంచి లెక్కిస్తే రకు 2, 92ని తిరగవేస్తే 29.

వాగ్గేయకారులకు (పాటనూ సంగీతాన్నీ తామే కూర్చినవారికి) ముద్రలే, అంటే తమ కృతులలో వారు ఉంచే గుర్తు పేర్లే, కొండగుర్తులు: త్యాగరాజు పేరే ఆయన ముద్ర, దీక్షితులది గురుగుహ, శ్యామశాస్త్రిది శ్యామకృష్ణ. ముగ్గురూ తిరువారూరులోనే పుట్టారు.

జవాబులో తాళాంగాలను రాసేటప్పుడు లఘువుకు నిలువు గీత, ద్రుతానికి సున్న, అనుద్రుతానికి అర్ధచంద్రాకారం గీసి, లఘువు పక్కన జాతి సంఖ్యను తప్పక వేయండి. ఆ సంఖ్య లేకపోతే ఏ జాతి తాళమో పేపరు దిద్దేవారికి తెలియదు.