జైల్లో ఉన్న మనిషికి జబ్బు ముదిరితే: మెడికల్ బెయిల్‌కు ఎలా వెళ్లాలి

ములాఖత్ క్యూలో నిలబడితే చాలు, "నాకు తెలిసిన డాక్టరున్నాడు, సర్టిఫికెట్ ఇప్పిస్తా, వారంలో ఇంటికొచ్చేస్తాడు" అంటూ ఎవరో ఒకరు తగులుతారు. డబ్బులు మాత్రం ఇవ్వకండి. ఆ కాగితం దొంగదని తేలితే బెయిల్ రాకపోగా ఇంకో కేసు నెత్తిన పడుతుంది.

ముందు మీ మనిషి రిమాండ్ ఖైదీయా, శిక్ష పడిన ఖైదీయా చూసుకోండి. విచారణ నడుస్తుంటే బెయిల్ పిటిషనే. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 480వ సెక్షన్‌లో (పాత సీఆర్‌పీసీలో 437) జబ్బుపడినవాళ్లకు, అశక్తులకు విడిగా వెసులుబాటు ఉంది. కింది కోర్టు కొట్టేస్తే 483 కింద సెషన్స్ కోర్టుకు, హైకోర్టుకు వెళ్లొచ్చు. శిక్ష పడి అప్పీలు పెండింగ్‌లో ఉంటే 430 కింద శిక్ష నిలిపివేత అడగాలి. అప్పీళ్లు కూడా అయిపోతే 473 కింద శిక్ష తగ్గించమని ప్రభుత్వానికి పెట్టుకోవాలి. అది ఫైళ్ల మీద నడిచే పని, ఓపిక కావాలి.

లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

అసలు చిక్కు మెడికల్ రిపోర్టు దగ్గర. పిటిషన్ వేశాక కోర్టు సాధారణంగా జైలు నుంచి రిపోర్టు తెప్పించుకుంటుంది. అందులో జబ్బు పేరుంటుంది, మందుల పేర్లుంటాయి. చివర్లో ఒక లైను: "పరిస్థితి నిలకడగా ఉంది, చికిత్స అందిస్తున్నాం." చాలా పిటిషన్లు ఆ లైను దగ్గరే పోతాయి. ఇంటివాళ్లు తెచ్చిన ప్రైవేటు ఆస్పత్రి రిపోర్టులు ఎంత లావున్నా దాని ముందు నిలబడటం కష్టం.

అందుకే "కిడ్నీలు పాడయ్యాయి" అని రాసి ఊరుకోవద్దు. ఆ జబ్బుకు కావాల్సిన వైద్యం లోపల ఎక్కడ ఆగిపోతోందో చూపించాలి. వారానికి 3 సార్లు డయాలసిస్ జరగాల్సిన మనిషిని ఎస్కార్ట్ పోలీసులు లేరని ఒకరోజు ఆస్పత్రికి తీసుకెళ్లలేదనుకోండి. ఆ తేదీ కావాలి మీకు. ములాఖత్‌కు వెళ్లినప్పుడల్లా అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఏ రోజు తీసుకెళ్లారు, ఏ రోజు మానేశారు, ఏ మాత్ర అయిపోయింది, కాళ్ల వాపు ఎంతవరకు వచ్చింది. ఆ తేదీలు చూపించి జైలు ఆస్పత్రి రికార్డులు, ఎస్కార్ట్ రికార్డులు తెప్పించమని లాయరు కోర్టును అడగగలరు. ఖైదీ సంతకంతో సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

పిటిషన్‌లో ఇంకో అభ్యర్థన తప్పక ఉండాలి: ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్లతో మెడికల్ బోర్డు వేసి, "ఈ చికిత్స జైల్లో సాధ్యమేనా?" అన్న ప్రశ్నకే జవాబు తెప్పించమని. ఇలా అడిగితే లోపల మనిషిని ఇబ్బంది పెడతారేమోనని చాలామందికి టెన్షన్. బోర్డు వేయమనేది కోర్టు. జైలువాళ్లకు ఇది కొత్తేం కాదు.

మొదటిసారే పూర్తి బెయిల్ రాకపోతే కుంగిపోకండి. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో ఉన్న వరవరరావు గారికి 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఇచ్చింది 6 నెలలే. గడువు లేని మెడికల్ బెయిల్ సుప్రీంకోర్టు నుంచి 2022 ఆగస్టులో గానీ రాలేదు.

గడువు పెట్టి ఇస్తే లొంగిపోవాల్సిన తేదీని మందుల ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. మనిషి ఐసీయూలో ఉన్నా ఆ తేదీ దానంతటది వాయిదా పడదు. పొడిగింపు పిటిషన్ కనీసం 10 రోజుల ముందే వేయించండి, తాజా డిశ్చార్జి సమ్మరీ జతచేసి.