లేహ్‌లో నల్లపొగ, బెజవాడలో సవరణ

విజయవాడ పొగ పరీక్షలో నెగ్గిన నా పాత డీజిల్ జీపు, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నల్లటి పొగ కక్కింది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేని ఇంజనుకు పంపు ఎప్పటిలాగే డీజిల్ అందిస్తున్నా ఆక్సిజన్ చాలక, పూర్తిగా మండని ఇంధనం మసిగా మారుతుంది. అక్కడి మెకానిక్ పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గించగా పొగ తగ్గింది గానీ, తిరిగొచ్చాక బండి ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డెక్కడానికే ఆయాసపడింది. స్క్రూను ముట్టుకోనివ్వడం నా పొరపాటే. ఆటోనగర్‌లో దాన్ని పాత గుర్తుకు తెచ్చి, దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మార్పించి, ఇంజను బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్‌ను పలుమార్లు పూర్తిగా తొక్కించి పొగ కొలిపించాను. బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణానికి ముందటి డీజిల్ బండ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలత). నా జీపుకు 48 వచ్చింది.