మైన్‌క్రాఫ్ట్‌లో లావా పక్కన చెక్క ఇల్లు కాలిపోకుండా కట్టుకోవడం

మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల వీడియో గేమ్‌లో చెక్క ఇంట్లో వెలుతురు కోసమో అందం కోసమో ఒక బకెట్ లావా పోసినవారు సాధారణంగా కాసేపు నిలబడి చూస్తారు, ఏమీ అంటుకోకపోతే ఇక భయం లేదనుకుని గనిలోకి దిగిపోతారు. ఆ పరీక్షకు విలువ లేదు. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో 16×16×16 బ్లాకుల ప్రతి భాగం నుంచి టిక్‌కు (ఆట కాలాన్ని లెక్కించే చిన్న కొలతకు) 3 చొప్పున బ్లాకులను ఆట యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. సెకనుకు 20 టిక్‌లు కాబట్టి, ఒక నిర్దిష్ట లావా బ్లాకు అలా ఎంపికై, నిప్పు పెట్టే వంతు దానికి రావడానికి సగటున 68 సెకన్లు పడుతుంది, వంతు వచ్చిన ప్రతిసారీ నిప్పు పుట్టాలని కూడా లేదు. అందుకే లావా చెరువు ఒడ్డున ఉన్న ఇల్లు త్వరగా కాలిపోతే, ఒకే ఒక లావా బ్లాకు ఉన్న ఇల్లు చాలాసేపు చెక్కుచెదరకుండా నిలబడి, మనం లేనప్పుడు అంటుకుంటుంది. నమ్మవలసింది దూరాన్నే.

వంతు వచ్చినప్పుడు లావా రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. మొదటిది, ఒక వరుస లేదా రెండు వరుసలు పైకి వెళ్తూ, ప్రతి వరుసకూ ఏదో ఒక పక్కకు ఒక్క బ్లాకు వరకు జరుగుతూ, మండే వస్తువును ఆనుకొని ఉన్న ఖాళీ కోసం వెతకడం. అటువంటి ఖాళీ దొరికితే అక్కడ నిప్పు పుడుతుంది, గట్టి బ్లాకు అడ్డొస్తే ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. రెండవది, తనతో సమాన ఎత్తులో చుట్టూ ఉన్న 3×3 చదరంలో, పైన ఖాళీ ఉన్న మండే బ్లాకును చూసి దాని నెత్తిన నిప్పు పెట్టడం. లెక్క వేస్తే, లావాకు పక్కలకు 3 బ్లాకుల లోపు, పైకి 3 వరుసల లోపు చెక్క ఉండకూడదు. చెక్క పైకప్పు నాలుగవ వరుస నుంచి మొదలుపెట్టవచ్చు. లావాకు అడుగున ఉన్న చెక్కను మాత్రం లావా అంటించదు, ఇది వినడానికి వింతగా ఉన్నా నిజం.

ఈ దూరాన్ని బకెట్ పోసిన చోటు నుంచి కాక ప్రవాహం అంచు నుంచి కొలవాలి, ఎందుకంటే పారే లావా కూడా అంటిస్తుంది. ఆటలోని మామూలు లోకమైన ఓవర్‌వరల్డ్‌లో సమతల నేలపై అది మూలం (బకెట్ పోసిన బ్లాకు) నుంచి 3 బ్లాకులు, ఒక్కో బ్లాకుకు ఒకటిన్నర సెకను చొప్పున పాకుతుంది. నెదర్ అనే పాతాళ లోకంలో 7 బ్లాకులు, అదీ మూడింతల వేగంతో.

నేలలో గాజు కింద లావా మెరవాలంటే, పలకల నేలకు సమానంగా లావా పోసి పైన గాజు పెట్టడం తప్పు: పక్క పలకల మీద గాలి ఉంటుంది కాబట్టి అవి అంటుకుంటాయి. లావాను నేలకంటే ఒక వరుస లోతుకు దించి, ఆ లోతులో చుట్టూ రాయి పేర్చి, గాజును నేలతో సమానంగా అమర్చాలి. అప్పుడు లావా పైనున్న తొమ్మిది బ్లాకులూ గట్టివే అవుతాయి కాబట్టి, మిగతా నేల చెక్కే అయినా నిప్పుకు దారి దొరకదు.

ఒకసారి పుట్టిన నిప్పుకు వేరే నియమాలు ఉన్నాయి. అది పక్కలకు ఒక బ్లాకు, కిందికి ఒకటి, పైకి నాలుగు బ్లాకుల వరకు దూకగలదు. పైకి పోయేకొద్దీ అవకాశం తగ్గుతుంది. రెండు చెక్క కట్టడాల మధ్య రెండు బ్లాకుల ఖాళీని నిప్పు దాటగలదు, మూడు ఉంటే దాటలేదు. ఉన్ని, ఆకులు చాలా త్వరగా కాలిపోతాయి, దుంగలు నెమ్మదిగా. చెట్ల కిందికి చొచ్చుకొచ్చిన చూరు నా దృష్టిలో లావా కంటే పెద్ద ప్రమాదం. చెక్క రూపమే కావాలనుకునేవారికి నెదర్‌లో దొరికే క్రిమ్సన్, వార్ప్‌డ్ పలకలు ఉన్నాయి, అవి కాలవు.

పొయ్యి కోసం నెదర్‌ర్యాక్ (నెదర్‌లో దొరికే ఎర్రరాయి) మీద వెలిగించిన మంట ఆరదు, కానీ పక్కకు పాకుతుంది. క్యాంప్‌ఫైర్ (కట్టెల మంట బ్లాకు) పాకదు కాబట్టి అదే మేలు. నిప్పు రాజుకుంటే మంటలను చేత్తో కొట్టి ఆర్పవచ్చు, అయితే ఎక్కువ ఉన్నప్పుడు ముందుగా కాలుతున్న చోటు చుట్టూ పలకలు పీకి మూడు బ్లాకుల ఖాళీ చేయడం, ఆ తర్వాత పై వరుస నుంచి బకెట్ నీళ్లు వదలడం సరైన క్రమం. లావా మూలానికి నీరు తగిలితే అబ్సిడియన్ అనే గట్టి నల్లరాయిగా, పారే లావాకు తగిలితే కోబుల్‌స్టోన్ అనే మామూలు రాయిగా మారుతుంది. నెదర్‌లో నీళ్లు పోయగానే ఆవిరైపోతాయి, కనుక అక్కడ లావా మూలాన్ని ఖాళీ బకెట్‌తో ఎత్తేయాలి, లేదా దాని స్థానంలో ఏదైనా రాతి బ్లాకు పెట్టేయాలి.