యుద్ధనౌకను లాగే ముందు టగ్గుపై తీసుకోవలసిన జాగ్రత్తలు

2000 అక్టోబరులో పేలుడుకు దెబ్బతిన్న అమెరికా 'కోల్' యుద్ధనౌకను యెమెన్‌లోని ఏడెన్ రేవు నుంచి బయటికి లాగిన 'కటాబా' వంటి నౌకాదళపు పెద్ద టగ్గులపై (ఇతర నౌకలను తాడుతో లాగే ఓడలపై), తాడు బిగించకముందే ఈ విషయాలు సరిచూసుకోవాలి.

అన్నిటికంటే ముందు ఉక్కుతాడు. దానిని ఈ కొస నుంచి ఆ కొస వరకు పరిశీలించి, తెగిన పోగులు, తుప్పు, మెలికలు ఉన్నచోట్లను గుర్తించాలి. టగ్గు వెనుక అంచుకు రాసుకునే చోట ఒరిపిడి తగ్గించే తొడుగు వేయాలి. బిగువు మీదున్న తాడు తెగితే అది విసురుగా వెనక్కి కొట్టే మేరలో ఎవరూ నిలబడకూడదు. ఈ నియమంలో అనుభవజ్ఞులకు కూడా మినహాయింపు ఇవ్వరాదని నా అభిప్రాయం, ఎందుకంటే అలవాటైన పనిలోనే ఏమరుపాటు ఎక్కువ.

తాడు పక్కకు లాగితే టగ్గు ఒరిగి బోల్తాపడగలదు కనుక, అత్యవసరంగా తాడు వదిలే ఏర్పాటును బయలుదేరే ముందే పనిచేయించి చూడాలి.

వెనుక వచ్చే నౌకలో చుక్కానిని నడిమధ్యకు తెచ్చి బిగించాలి, ప్రొపెల్లర్ తిరగకుండా కట్టాలి, నీరు చొరబడని తలుపులన్నీ మూయాలి. లాగే పొడవు, అంటే టగ్గు వెనుక అంచు నుంచి వెనుక వచ్చే నౌక చివరి వరకు ఉన్న దూరం, 200 మీటర్లు దాటితే టగ్గుపై పగలు డైమండ్ ఆకారపు గుర్తు, రాత్రి నిలువు వరుసలో మూడు తెల్లదీపాలు ఉండాలి. తాడు నీటిలో కిందికి వేలాడుతుంది కనుక, లోతు తక్కువైన చోటికి చేరకముందే దాని పొడవు తగ్గించాలి.