హాల్లో ముదురు రంగు వేయించే ముందు

ఒక గోడకు బొగ్గురంగు వేయించాలా, ముదురు పాచిరంగు వేయించాలా అని ఆలోచిస్తున్నారా? డబ్బాలు కొనకముందే ఇవి చూసుకోండి.

• షేడ్ కార్డు చూసి తేల్చేయొద్దు. రెండింటివీ శాంపిల్ డబ్బాలు తెచ్చి, మధ్యలో తెల్లగోడ వదిలి, రెండేసి అడుగుల చదరాల్లో రెండు పూతలు వేయించండి. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) ఆరాక ఇంకాస్త ముదురుతుంది, అందుకే మరుసటి రోజు దాకా ఆగండి.

• పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. మన కడప ఎండకు మధ్యాహ్నం కిటికీలు మూసేస్తాం కదా, అలా మూసే చూడండి. తెల్లటి ట్యూబ్‌లైటు కింద బొగ్గురంగులో దాగిన నీలి ఛాయ బయటపడొచ్చు. పసుపు వెలుగులో పాచిరంగు మట్టిరంగు వైపు తిరుగుతుంది. రాత్రి మీరు రోజూ వేసే లైటు కింద ఏది నచ్చితే అదే మీ రంగు.

• కింద నల్ల కడప బండలుంటే నా ఓటు పాచిరంగుకే. బొగ్గురంగైతే గోడా నేలా కలిసిపోయి గది ఇరుకైనట్టుంటుంది.

• షేడ్‌కు ఎల్‌ఆర్‌వీ, అంటే ఆ రంగు ఎంత వెలుగును తిప్పికొడుతుందో చెప్పే అంకె, ఎంతో అడగండి. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. 10 లోపుంటే ఇంకో లైటు పాయింటు పెట్టించుకోవాల్సిందే.

• బాత్రూమ్‌కు ఆనుకున్న గోడైతే ముందు చెమ్మ సంగతి చూడండి. చెమ్మకు గోడలోని ఉప్పు ముదురు రంగు మీద తెల్లగా పొంగితే దూరం నుంచే కనిపిస్తుంది.

• పిల్లలున్న ఇంట్లో మెరుపు లేని మ్యాట్ ఫినిష్ రంగు వద్దు, చేతి మరకలు పడతాయి.

• గోడకు సరిపడా రంగంతా ఒకేసారి కలిపించండి, షేడ్ కోడ్ రాసిపెట్టుకోండి.