రైట్స్ ఇష్యూ వచ్చిందా? ముందు సీఎఫ్‌ఓ లెక్క చూడండి

చేతిలో షేర్లున్న కంపెనీ, ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్ముతామనగానే (ఇదే రైట్స్ ఇష్యూ) ధర తగ్గడం తరచూ చూసేదే. కారణాన్ని 1984లో ఫైనాన్స్ పరిశోధకులు మైయర్స్, మజ్లుఫ్ వివరించారు: కంపెనీ అసలు విలువ మేనేజర్లకు తెలుసు, మదుపరికి తెలియదు. ఆదోని యార్డుకు పత్తి తెచ్చినవాళ్లకు లోపలి తేమ తెలుసు; కొనేవాళ్లకు పైపొరే కనబడుతుంది, అందుకే తగ్గించి అడుగుతారు. ఫైనాన్స్ బాగా చదివిన సీఎఫ్‌ఓ (కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి), అప్పు తేకుండా షేర్లే ఎందుకో అంకెలతో చెప్పి ఈ అనుమానాన్ని తగ్గించగలరు. కానీ షేరు అసలు విలువకు మించి పలుకుతున్న అదను కూడా వాళ్లకే ముందు తెలుస్తుంది. కాబట్టి ఒట్టి డిగ్రీని నమ్మొద్దు.

మొదట రెండు రకాల పతనాల్ని విడదీయండి. షేరు 200 రూపాయలు, 4 షేర్లకు 1 కొత్త షేరు, ఇష్యూ ధర 140 అనుకుందాం. అయిదు షేర్ల సగటు (4×200 + 140) ÷ 5 = 188. ఎక్స్-రైట్స్ రోజున (ఆ రోజు నుంచి కొన్న షేరుకు ఈ హక్కు రాదు) 200 నుంచి 188కి దిగితే అది ఒట్టి లెక్క, మార్కెట్ తీర్పు కాదు. చాలామంది బెదిరి అమ్ముకునేది ఇక్కడే. తీర్పు కనబడేది ప్రకటన రోజున: షేరు 6 శాతం, నిఫ్టీ 2 శాతం పడితే, కంపెనీ వల్ల పడింది సుమారు 4 శాతం. ప్రకటన సాయంత్రం వస్తే మరుసటి రోజు ధర చూడాలి.

తర్వాత వార్షిక నివేదికలో కార్పొరేట్ గవర్నెన్స్ భాగం తెరవండి. ఏ డైరెక్టరుకు ఏ నైపుణ్యం ఉందో పట్టిక ఉంటుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం ఆడిట్ కమిటీలో ఒక్కరికైనా అకౌంటింగ్ లేదా ఆర్థిక నిర్వహణలో నైపుణ్యం ఉండాలి. ఆ ఒక్కరితోనే సరిపెట్టారా అన్నది గమనించండి.

అసలు పరీక్ష ఇష్యూ వివరాలతో కంపెనీ ఇచ్చే లెటర్ ఆఫ్ ఆఫర్‌లో ఉంది. డబ్బు దేనికో చెప్పే భాగంలో ఏ అప్పు, ఎంత వడ్డీ, ఎప్పటికి తీరుస్తారో రాస్తే చదువు పనిచేసినట్టే. ‘సాధారణ కార్పొరేట్ అవసరాలు’ అనే పద్దుకు గరిష్ఠ పరిమితి సేకరించే మొత్తంలో 25 శాతం. దాన్ని అంచుదాకా వాడుకుంటే అనుమానించాల్సిందే. గతంలో కూడా డబ్బు సేకరించి ఉంటే, దాన్ని చెప్పినదానికే వాడారా లేదా అన్నది ఎక్స్ఛేంజీకిచ్చే మూడు నెలల నివేదికల్లో దొరుకుతుంది. కాన్ఫరెన్స్ కాల్ రికార్డింగు ఉంటే తప్పక వినండి. ‘వడ్డీ ఎంత మిగులుతుంది?’ అన్న ప్రశ్నకు సీఎఫ్‌ఓ సూటిగా అంకె చెప్పలేకపోతే, ఎంత పెద్ద సంస్థలో చదివినా నా లెక్కలో మార్కులు పడవు.

దరఖాస్తు అస్బా ద్వారానే, అంటే షేర్లు కేటాయించేదాకా డబ్బు మీ బ్యాంకు ఖాతాలోనే బ్లాక్ అయి ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో ప్రతి బ్రాంచీ ఫారం తీసుకోదు. నెట్ బ్యాంకింగ్ లేనివాళ్లు ముందే అడిగి పెట్టుకోవాలి. వద్దనుకుంటే డీమ్యాట్‌లో పడిన హక్కుల్ని (కొత్త షేరు ఇష్యూ ధరకు కొనే హక్కులు) అమ్మేయండి. వాటి ట్రేడింగ్ ఇష్యూ ముగింపుకు కొన్ని పనిదినాల ముందే ఆగిపోతుంది. పై ఉదాహరణలో 100 షేర్లకు 25 హక్కులు, ఒక్కోటి సుమారు 48 రూపాయలు (188 − 140). దరఖాస్తూ చేయక, అమ్మకా వదిలేస్తే అవి రద్దయి 1,200 రూపాయలు పోయినట్టే.