నల్గొండలో, పాలమూరులో పీజీ చదవాలంటే: సీటు దగ్గర్నుంచి మెస్ బిల్లు దాకా ఏం చేయాలి?

డిగ్రీ చివరి సెమిస్టర్ దగ్గర పడుతుంటే ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "పీజీ అంటే హైదరాబాదే పోవాలె. ఆ ఖర్చు మనతోని కాదు." ఈ ఒక్క మాటతో చదువు ఆగిపోయినవాళ్లు, అందులోనూ ఆడపిల్లలు, మన చుట్టూనే ఎంతోమంది ఉన్నారు. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే. మొదటిది నార్కట్‌పల్లి రోడ్డు మీద అన్నెపర్తి దగ్గర, రెండోది రాయచూరు రోడ్డు మీద బండమీదిపల్లి దగ్గర ఉన్నాయి. ఇంటి నుంచి ఒక్క బస్సెక్కితే చేరుకోగలిగే పిల్లలు వేలల్లో ఉంటారు.

ఇక్కడ చదవాలనుకునేవాళ్లను ఇబ్బంది పెట్టేది ఫీజు ఒక్కటే కాదు. వేళకు చేతిలో లేని సర్టిఫికెట్, స్కాలర్‌షిప్ పడేలోపు గడవాల్సిన నెలలు, ఈ రెండే ఎక్కువమందిని వెనక్కి పంపుతాయి. రెండింటికీ ముందే సిద్ధం కావచ్చు.

మొదట కాగితాలు, తర్వాతే ఎంట్రన్స్

అందరూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు. మీరు అంతకంటే ముందే మీసేవకు వెళ్లండి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం రెండూ కావాలి. ఓసీల్లో పేద కుటుంబమైతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అది ఆ ఆర్థిక సంవత్సరానిదే అయ్యుండాలి. ఆదాయం సర్టిఫికెట్ కూడా పాతది పనికిరాదు. దరఖాస్తు మీసేవలో ఇచ్చినా సంతకం పడాల్సింది తహసీల్దార్ ఆఫీసులో. అడ్మిషన్ల కాలంలో అక్కడ దరఖాస్తులు కుప్పలు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లోనే ఈ పని ముగించుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

పాలమూరు వైపు ఇంకో ఇబ్బంది ఉంది. అమ్మానాన్న పుణెకో బొంబాయికో పనికి పోయి ఉంటారు, రేషన్ కార్డు, ఆధార్ వాళ్ల దగ్గరే ఉంటాయి. పండక్కి ఊరికి వచ్చినప్పుడే జిరాక్సులు తీసిపెట్టుకోండి, సంతకాలు కావాల్సినచోట చేయించుకోండి. తర్వాత ఫోన్‌లో ఫొటోలు పంపించుకుంటూ తిప్పలు పడనక్కర్లేదు.

ఇక పేరు విషయం. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం, పుట్టిన తేదీలో నెల మారిపోవడం మామూలే. ఇవాళ చిన్న తేడాగా కనిపించేది, రేపు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ దగ్గర దరఖాస్తు ముందుకు కదలకుండా ఆపేస్తుంది. పదో తరగతి మెమోనే ప్రమాణం అనుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయ్యిందో లేదో కూడా అదే వారంలో అడిగి తెలుసుకోండి.

ఏ కోర్సుకు ఏ పరీక్ష

ఎంఏ, ఎమ్మెస్సీ, ఎంకామ్ లాంటివాటికి సీపీగెట్. ఇది పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల తరఫున ఉస్మానియా విశ్వవిద్యాలయం దీన్ని పెడుతుంది. అంటే నల్గొండ సీటుకు, పాలమూరు సీటుకు, ఉస్మానియా సీటుకు రాసే పరీక్ష ఒక్కటే, వచ్చే ర్యాంకూ ఒక్కటే. ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకు కూడా ఇదే దారి. ఎంబీఏ, ఎంసీఏకు ఐసెట్, బీఈడీకి ఎడ్‌సెట్, బీటెక్‌కు ఎప్‌సెట్ రాయాలి. డిగ్రీ సీటు కావాలంటే దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్లలో దరఖాస్తు పెట్టుకోవాలి.

సీపీగెట్‌లో వంద ప్రశ్నలు, వంద మార్కులు, గంటన్నర సమయం. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. పీజీ కోర్సులకు ప్రశ్నలు డిగ్రీ సిలబస్ నుంచే వస్తాయి. కోచింగ్‌కు డబ్బు పోసేముందు మీ మూడేళ్ల పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు తిరగేయండి. ఎమ్మెస్సీకి ఆ సబ్జెక్టు డిగ్రీలో చదివి ఉండాలి గానీ, చాలా ఎంఏ కోర్సులకు ఏ డిగ్రీ అయినా చాలు. బీకామ్ చదివి చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకు, బీఎస్సీ చేసి గ్రూప్స్ రాద్దామనుకునేవాళ్లకు ఇది మంచి అవకాశం.

వెబ్ ఆప్షన్లు: తొందర పనికిరానిది ఇక్కడే

ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు, అంటే మీకు కావాల్సిన కోర్సులు, కాలేజీలు వరసగా ఆన్‌లైన్‌లో పెట్టడం. నెట్ సెంటర్‌లో పక్కవాళ్లు పెట్టినట్టే పెట్టేసి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రెండేళ్ల చదువూ రెండేళ్ల ఖర్చూ ఆ పది నిమిషాల్లో తేలిపోతాయి.

ఒక్కో కోర్సు పక్కన అది రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా అన్నది తప్పకుండా చూడండి. ఒకే క్యాంపస్, పక్కపక్క గదులు, పాఠం చెప్పే సార్ కూడా ఒక్కరే కావచ్చు, ఫీజు మాత్రం వేరు. రెగ్యులర్ కోర్సు ఫీజు సామాన్య కుటుంబం భరించగలిగేలా ఉంటుంది. సెల్ఫ్ ఫైనాన్స్‌లో ఎక్కువ, పైగా రీయింబర్స్‌మెంట్, అంటే మీ తరఫున ప్రభుత్వం ఇచ్చే ఫీజు, ప్రభుత్వం ఖరారు చేసిన మేరకే వస్తుంది. మిగిలింది మీరే కట్టాలి. ఆప్షన్ పెట్టేముందే ఆ ఫీజు ఎంతో, మీకు రీయింబర్స్ అయ్యేది ఎంతో ఆ కాలేజీకి ఫోన్ చేసి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, రోజుకు ఎంతోమంది అడుగుతారు.

క్రమం విషయానికొస్తే, మీకు నిజంగా కావాల్సిందే మొదట పెట్టండి. "నా ర్యాంకుకు రాదులే" అని దాన్ని కిందికి నెడితే, వచ్చే సీటు కూడా పోతుంది. మొదటి విడతలో సీటొచ్చినా రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. అయితే రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది. కాబట్టి ఇప్పుడున్న సీటు కంటే మంచివనిపించినవే పెట్టండి, జాబితా నింపడానికి మరోటి చేర్చొద్దు.

కోర్సు ఎంచుకునేటప్పుడు చుట్టుపక్కల ఏ పని దొరుకుతుందో కూడా చూసుకోండి. కెమిస్ట్రీకి ఈ ప్రాంతంలో గిరాకీ ఊరికే లేదు. ఇటు చౌటుప్పల్ చుట్టూ, అటు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు ఉన్నాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లు క్వాలిటీ కంట్రోల్‌లోనో, ఆర్ అండ్ డీలోనో చేరుతుంటారు. తెలుగో, రాజనీతిశాస్త్రమో చదవాలనుకునేవాళ్లు దీన్ని చూసి కంగారుపడాల్సిన పనిలేదు. జూనియర్ లెక్చరర్ పోస్టులకు పీజీ తప్పనిసరి, డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్షలైన నెట్, సెట్ కూడా ఉన్నాయి.

విడతలన్నీ అయిపోయాక మిగిలిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు పెడతారు. అక్కడ చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. సీటొచ్చిన సంతోషంలో ఈ మాట ఎవరూ చెప్పరు, ఫీజు కట్టే రోజు తెలుస్తుంది. స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డవాళ్లు కౌన్సెలింగ్‌లోనే సీటు తెచ్చుకోవాలి.

టీసీ తెచ్చుకోండి

సీటొచ్చాక రిపోర్ట్ చేయడానికి రోజులు తక్కువ ఇస్తారు. మిగతా ఒరిజినల్స్ చూసి తిరిగిచ్చేస్తారు గానీ టీసీ మాత్రం ఒరిజినల్‌దే ఇచ్చేయాలి. చిక్కంతా అక్కడే. ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని, ఆ మొత్తం కడితేనే టీసీ ఇస్తామంటారు. చివరి పరీక్ష రాసిన వారంలోనే వెళ్లి మీ పేరు మీద బాకీ ఎంత చూపిస్తున్నారో కనుక్కోండి. అప్పుడైతే ప్రిన్సిపాల్‌ను కలవడానికి, పెద్దమనిషితో చెప్పించడానికి, వాయిదాల మీద కట్టడానికి వ్యవధి ఉంటుంది. టీసీ ఇచ్చేసేముందు నాలుగైదు జిరాక్సులు తీసుకుని, ఫోన్‌లో ఫొటో కూడా దాచుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, హాస్టల్‌కు అడుగుతూనే ఉంటారు.

ఈపాస్ దరఖాస్తు

ఈపాస్ అంటే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకునే ప్రభుత్వ వెబ్‌సైట్. స్కాలర్‌షిప్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో రెండున్నాయి. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది కాలేజీకి పోతుంది. ఎంటీఎఫ్ అంటే తిండికీ ఉండటానికీ ఇచ్చేది. బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఈ పరిమితి వేరుగా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో నింపడంతోనే పని అయిపోయిందనుకోవద్దు. ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి, వేలిముద్ర వేయాలి, కాలేజీ వాళ్లు వెరిఫై చేసి పైకి పంపాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నంబరు కొట్టి నెలకోసారి చూసుకోండి. రెండో ఏడాది రెన్యువల్ చేయాలని మరిచిపోయేవాళ్లు చాలామంది. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్‌కూ పరీక్షకూ రెండింటికీ ఇబ్బందే. ఇంకో సంగతి, ఒక పీజీకి ఫీజు తీసుకున్నాక రెండో పీజీకి మళ్లీ ఇవ్వరు.

హాస్టల్, మెస్ బిల్లు

హాస్టల్ సీట్లు అడిగినవాళ్లందరికీ సరిపోవు, చేరిన రోజే దరఖాస్తు ఇచ్చేయండి. యూనివర్సిటీ హాస్టళ్లలో సాధారణంగా డివైడింగ్ పద్ధతి నడుస్తుంది. నెలలో బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, గ్యాస్, ఇలా మెస్‌కైన ఖర్చంతా కలిపి తిన్నవాళ్ల మీద పంచుతారు. కూరగాయల ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది. పండక్కి సగంమంది ఇళ్లకు పోయిన నెలలో మిగిలినవాళ్ల వాటా ఎక్కువ పడొచ్చు. ఊరికి వెళ్లేటప్పుడు ముందే రాసిచ్చి వెళ్తే ఆ రోజులు తీసేస్తారా, ఎన్ని రోజులు దాటితే తీసేస్తారు అన్నది మొదటి వారంలోనే అడగండి.

సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్లకు డైట్ చార్జీని, అంటే తిండి ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే మొత్తాన్ని, 2024 నవంబరులో నెలకు 1,500 రూపాయల నుంచి 2,100కు పెంచారు. ఆ లెక్కనే చూద్దాం. మీ మెస్ బిల్లు నెలకు 2,800 అనుకోండి. మీకు 2,100 వస్తే నెలకు 700 చేతి నుంచి పడుతుంది, పది నెలలకు 7,000. ఇది పెద్ద భారం కాకపోవచ్చు. కానీ ఆ 2,100 నెలనెలా రాదు. ఎప్పుడో ఒకసారి, కొన్ని నెలలది కలిపి వస్తుంది. మెస్‌లో మాత్రం బాకీ నెలనెలా పేరుకుంటుంది, పరీక్ష ఫీజు కట్టే వేళకో, హాల్‌టికెట్ ఇచ్చే వేళకో నో డ్యూ, అంటే బాకీ లేదన్న కాగితం, అడుగుతారు. అందుకే మొదటి ఏడాది కనీసం నాలుగు నెలల మెస్ బిల్లుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని చేరండి. పై లెక్కన 11,200 అవుతుంది. పత్తి అమ్మిన డబ్బులు వచ్చినప్పుడే ఇంట్లో ఈ మాట చెప్పి ఉంచితే, మధ్యలో మిత్తికి తేవాల్సిన అవసరం పడదు. వీటితోపాటు హాస్టల్ కాషన్ డిపాజిట్, పరీక్ష ఫీజు, ఎమ్మెస్సీ వాళ్లకు రికార్డులు, ల్యాబ్ కోటు, చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఖర్చు కూడా లెక్కలో ఉంచుకోండి. కాషన్ డిపాజిట్ రసీదు జాగ్రత్త, వెళ్లేరోజు అది చూపిస్తేనే డబ్బు తిరిగొస్తుంది.

రోజూ వెళ్లొచ్చేవాళ్లకు

అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ దగ్గరుంటే చాలు. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో ఇది చెల్లదు. అబ్బాయిలు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకోవాలి, దానికి కాలేజీ నుంచి ధ్రువీకరణ కావాలి. మీరెక్కే బస్సు యూనివర్సిటీ స్టేజీ దగ్గర ఆగుతుందా అని కండక్టర్‌ను ఎక్కేముందే అడగండి. ల్యాబ్ సాయంత్రం ఆలస్యమయ్యే రోజుల్లో మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో తెలుసుకుని ఉంచుకోండి. ఊరు మరీ లోపలుంటే రోజూ తిరగడం కంటే హాస్టలే నయం, మూడు గంటలు బస్సుల్లోనే పోతే చదువుకు ఓపిక మిగలదు.

చేరిన మొదటి నెల

చిన్న యూనివర్సిటీలో అధ్యాపకుల కొరత ఉంటుంది, కొన్ని పాఠాలు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే చెప్తారు. అది నిజం. కానీ క్లాసులో కొద్దిమందే ఉండటం వల్ల సార్లు, మేడమ్‌లు మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తారు. పెద్ద క్యాంపస్‌లో అపాయింట్‌మెంట్ అడగాల్సిన చోట, ఇక్కడ "సార్, పది నిమిషాలు టైముందా" అంటే చాలు. ఆ వెసులుబాటును వాడుకోండి. సీనియర్ అన్నల దగ్గర, అక్కల దగ్గర పాత నోట్సు, రికార్డులు అడిగితే కాదనరు. చాలామంది తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లే కాబట్టి ఇంగ్లిష్ పాఠం అర్థంకాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుసు. లైబ్రరీ కార్డు మొదటి వారంలోనే తీసుకోండి. నెట్, సెట్ సిలబస్ కూడా అప్పుడే దింపుకుని, క్లాసులో జరిగే పాఠం దానిలో ఏ యూనిట్ కిందికి వస్తుందో పక్కన రాసుకుంటూ పోండి. ఆ పరీక్షలు మీరు పీజీ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, పీజీ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.